మన మధ్య గుడారము వేసిన దేవుడు

(ఈ నెల చదువవలసిన లేఖన భాగములు: నిర్గమకాండము 25:1–9, 40:34–38, యోహాను 1:1–18)



ఖానాపూర్ మండలంలో గోదావరికి దగ్గరగా ఉన్న ఒక పల్లె నుండి, కృతజ్ఞతా కూడికకు రమ్మని ఒక విశ్వాస కుటుంబము మమ్మును పిలిచింది. ఆ ఇంటి కుమారుడు దుబాయిలో నాలుగు సంవత్సరాలు కట్టడం పనిచేసి క్షేమంగా తిరిగివచ్చాడు. మేము వెళ్లేసరికి ఇంటి ముందు పచ్చని పందిరి వేసి ఉన్నది. వాకిట్లో చాపలు పరిచారు. బీడీలు చుట్టే చాటలు ఆ పూటకు గోడకు ఆనించి పెట్టారు. అందరి ముఖములలోను సంతోషమే. ఒక్కని ముఖములో మాత్రం అది నిండుగా లేదు. అతడు ఆ తిరిగివచ్చిన కుమారుడే.

కారణము ఐదేండ్ల అతని కూతురు. తండ్రి వెళ్లేనాటికి ఆమె ఇంకా చంకబిడ్డ. అప్పటి నుండి ఆమెకు తెలిసిన తండ్రి అరచేయంత ఫోనులో కనబడే ముఖము, అందులో నుండి వినబడే గొంతు, అంతే. ఇంటికి వచ్చి రెండు రోజులైనా ఆయన దగ్గరకు పోదు. చేతులు చాపితే నాయనమ్మ కొంగు వెనుక దాక్కుంటుంది. "గీయన మా బాపు కాదు. మా బాపు ఫోన్ల ఉంటడు" అన్నది ఆ పిల్ల. అందరూ నవ్వారు. తండ్రి కూడ నవ్వబోయి తల వంచుకున్నాడు.

ప్రార్థన అయిన తరువాత టీలు పోస్తూ ఆ నాయనమ్మ ఇలా అడిగింది: "అయ్యగారూ, యేసయ్య తనోళ్ల దగ్గరికి వస్తే తనోళ్లే గుర్తుపట్టలేదని ఇందాక చదివిన్రు గదా. గట్లెందుకయింది? యూదులకు దేవుడు ముందుగాలనే ఎరుకే గదా?" పక్కింటి పెద్దమనిషి మన విశ్వాసము వాడు కాడు, అయినా పిలిస్తే మర్యాదగా వచ్చి కూర్చున్నాడు. ఆయన అన్నాడు: "దేవుడు మనిషై పుట్టుడు మాదాంట్ల గూడ ఉన్నది. రాముడు, కృష్ణుడు అవతారమెత్తలేదా? మీదాంట్ల కొత్తేమున్నది?" ఆయన తగవుకు అడగలేదు. తెలుసుకొనుటకే అడిగాడు.

ఈ రెండు ప్రశ్నలు మంచి ప్రశ్నలు. ఆ సాయంకాలము చెప్పగలిగినంత చెప్పాము. చెప్పలేకపోయినది ఈ నెల ఇక్కడ వ్రాస్తున్నాము.

ఒక్కడే దేవుడని ఒప్పుకొనే ప్రజల మధ్య

మొదట మనము జ్ఞాపకము ఉంచుకొనవలసినది ఏమనగా, యేసు ప్రభువు పుట్టినది విగ్రహములను ఎంతమాత్రము సహింపని ప్రజల మధ్య. దేవుడు అద్వితీయుడని ద్వితీయోపదేశకాండము 6:4లో ఉన్న ఒప్పుకోలును భక్తిగల యూదుడు ఉదయము, సాయంకాలము చెప్పుకుంటాడు. హోరేబు కొండ దగ్గర మీరు స్వరము విన్నారే గాని ఏ రూపమును చూడలేదని మోషే వారిని హెచ్చరించాడు (ద్వితీయోపదేశకాండము 4:12–15).

వారు దీనికి ఎంత గట్టిగా కట్టుబడ్డారో ఒక సంగతి చెబుతాము. సుమారు క్రీస్తు శకము 40లో, అనగా ప్రభువు సిలువ వేయబడిన పదేండ్లకు, రోమా చక్రవర్తి గాయుస్ కలిగుల తన విగ్రహమును యెరూషలేము దేవాలయములో నిలపాలని ఆజ్ఞ ఇచ్చాడు. సిరియా అధిపతియైన పెత్రోనియస్ సైన్యముతో బయలుదేరాడు. అప్పుడు యూదులు వేలాదిగా వచ్చి అతని ఎదుట నిలిచారు. అది విత్తనాలు వేసే కాలము. చేలు బీడు పెట్టి, "మమ్మును చంపి అప్పుడు నిలుపుకొండి" అన్నట్టు మెడలు చాపి గలిలయలోని తిబెరియలో రోజుల తరబడి కూర్చున్నారని యూదా చరిత్రకారుడు జోసీఫస్ వ్రాశాడు. అదును తప్పితే ఏమవుతుందో వ్యవసాయము చేసే మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. పిల్లల తిండిగింజలనే పణంగా పెట్టారన్న మాట. మరుసటి సంవత్సరము కలిగుల చంపబడినందున ఆ ఆపద తప్పింది.

ఇట్టి ప్రజలలో నుండే పేతురు, యోహాను, పౌలు వచ్చారు. తమతో కలిసి నడిచి, తమతో రొట్టె తిన్న ఒక మనిషిని వారు "ప్రభువు" అని ఒప్పుకున్నారు. ఇది చిన్న సంగతి కాదు. గ్రీకుల కథలలో దేవతలు మనుష్య వేషము వేస్తారు కనుక వీరు అక్కడ నుండి అరువు తెచ్చుకున్నారని కొందరంటారు. విగ్రహము రాకుండుటకు చేలు బీడు పెట్టగల ప్రజలు తమ జీవమును అటువంటి కథ మీద ఆనించుకుంటారా? వారు చూచినదానిని చెప్పుటకు మాటలు కావలసివచ్చినప్పుడు తమ పితరుల లేఖనములనే తెరిచారు. మనమును అక్కడికే వెళ్దాము.

మేకవెండ్రుకల గుడారము

ఐగుప్తు నుండి బయటపడిన ప్రజలు అరణ్యములో గుడారములలో ఉన్నారు. అప్పుడు దేవుడు మోషేతో, నేను వీరి మధ్య నివసించునట్లు నాకు ఒక పరిశుద్ధస్థలము చేయుమని చెప్పాడు (నిర్గమకాండము 25:8). అక్కడ నివసించుట అనే దానికి హెబ్రీలో "షాకాన్" అను మాట ఉన్నది. దాని నుండే "మిష్కాన్" వచ్చింది. అదే మన బైబిలులోని మందిరము, ప్రత్యక్షపు గుడారము.

ఆ గుడారము ఎట్లున్నదో చూడండి. లోపల బంగారు దీపస్తంభము, బంగారపు మందసము, నీలధూమ్రవర్ణముల తెరలు. వాటి మీద మాత్రం మేకవెండ్రుకలతో నేసిన పదకొండు తెరలు, దాని మీద తోళ్లు (నిర్గమకాండము 26:7, 14). దూరము నుండి చూచువానికి అది గొర్రెలకాపరి గుడారము వలెనే కనబడుతుంది. వానకాలమున మన కురుమ సోదరులు కప్పుకొనే గొంగడిని తలంచుకొండి. దేవుని మహిమ అటువంటి ముతక గుడ్డ క్రింద ఉండుటకు సిగ్గుపడలేదు. ప్రజలు గుడారములలో ఉంటే దేవునికి కూడ గుడారమే. వారు కదిలితే ఆయనయు కదిలాడు. పని ముగిసిన దినమున మేఘము కమ్మి యెహోవా మహిమ మందిరమును నింపగా మోషే సహితము లోపలికి పోలేకపోయాడు (నిర్గమకాండము 40:34–35).

తరువాత సొలొమోను రాతితోను దేవదారు మ్రానుతోను దేవాలయము కట్టించాడు. కట్టించినవాడే ప్రతిష్ఠ దినమున ఒక ప్రశ్న అడిగాడు. ఆకాశ మహాకాశములే పట్టజాలని దేవుడు నిజముగా భూమి మీద నివాసము చేయునా, నేను కట్టిన ఈ ఇల్లు ఏపాటిది అన్నాడు (1 రాజులు 8:27). ఈ ప్రశ్న ఇశ్రాయేలు చరిత్ర పొడవునా వినబడుతూనే ఉన్నది. యెహెజ్కేలు కాలములో ఆ మహిమ మందిరము విడిచి వెళ్లుట అతడు దర్శనములో చూచాడు (10, 11 అధ్యాయములు). క్రీస్తు పూర్వము 586లో బబులోనువారు ఆ మందిరమును కాల్చివేశారు. అయితే అదే ప్రవక్త ద్వారా దేవుడు ఇంకొక మాట చెప్పాడు. చెదరిపోయిన వారికి వారు వెళ్లిన దేశములలో నేనే పరిశుద్ధాలయముగా ఉందునన్నాడు (11:16).

తరువాతి కాలపు యూదా రబ్బీలు దేవుని సన్నిధిని "షెకీనా" అని పిలిచారు. ఇదియు "షాకాన్" అనే మాట నుండి వచ్చినదే. ఇశ్రాయేలు ఏ దేశమునకు చెరపట్టబడితే షెకీనా కూడ ఆ దేశమునకు వారితో వెళ్లినదని వారు బోధించారు. అన్య దేశములో కూలిపని చేసే బిడ్డల కొరకు రాత్రులు కన్నీటితో ప్రార్థించే తల్లులారా, ఈ సంగతి మీకు ఎంత దగ్గరదో చూడండి.

ఇప్పుడు యోహాను 1:14 తెరవండి. మన తెలుగు బైబిలులో అక్కడ "నివసించెను" అని ఉన్నది. యోహాను వ్రాసిన గ్రీకు మాటకు సరియైన భావము గుడారము వేసికొనుట. వెంటనే ఆ వచనములోనే మహిమను చూచితిమని అంటాడు. గుడారము, మహిమ – ఈ రెండు మాటలు కలిసి వినబడగానే యూదుని మనస్సు నిర్గమకాండము 40వ అధ్యాయమునకు పరుగెత్తుతుంది. సొలొమోను అడిగిన ప్రశ్నకు యోహాను ఇచ్చిన జవాబు ఇది. అవును, భూమి మీద నివాసము చేశాడు. ఈసారి మేకవెండ్రుకల గుడారములో కాదు, మనుష్య దేహములో.

పంపబడిన మాట

యోహాను ఆయనను "వాక్యము" అని పిలుచుట కూడ ఉత్తపుణ్యానికి కాదు. ఆదికాండములో దేవుడు పలుకగా వెలుగు కలిగింది. 107వ కీర్తనలో దేవుడు తన వాక్కును పంపి బాగుచేస్తాడు (20వ వచనము). యెషయా 55:10–11లో ఆ మాట వానవలె భూమి మీదికి వచ్చి, పైరు మొలిపింపక తిరిగిపోదు. సామెతలు 8వ అధ్యాయములో జ్ఞానము సృష్టికి ముందే దేవుని యొద్ద ఉండి నరులయందు ఆనందిస్తుంది. యేసు దినములలోనే ఐగుప్తులోని అలెక్సంద్రియలో ఫైలో అను యూదా పండితుడు దేవుని "వాక్యము"ను గూర్చి గ్రీకులో విస్తారముగా వ్రాశాడు. సమాజ మందిరములలో హెబ్రీ లేఖనమును సామాన్యులకు అరమేయికులో తిప్పి చెప్పేవారు. తరువాత గ్రంథములుగా కూర్చబడిన ఆ అనువాదములలో, దేవుడు చేశాడు అని చెప్పవలసిన చోట ప్రభువు "మేమ్రా" చేసెను అని అనేక పర్యాయములు ఉన్నది. మేమ్రా అంటే మాట.

కాబట్టి వాక్యము దేవుని యొద్ద ఉండెననుట ఆ దినములలో యూదునికి అంత వింత కాదు. వింత తరువాత వచ్చింది. ఆ వాక్యము "శరీరధారి" అయ్యెననుట వింత.

యెషయా 40:6–8 ఒకసారి చదవండి. అక్కడ ప్రవక్త రెండింటిని ఎదురెదురుగా నిలబెట్టాడు. శరీరము గడ్డివంటిది, ఎండిపోతుంది. దేవుని వాక్యమో, అది నిత్యము నిలుస్తుంది. ఒకటి వాడిపోయేది, ఇంకొకటి వాడిపోనిది. ఆకాశమునకు భూమికి ఉన్నంత దూరము. యోహాను ఆ రెంటిని తెచ్చి ఒక్క వాక్యములో కలిపాడు. వాడిపోని వాక్యము వాడిపోయే గడ్డిగా వచ్చినదన్నాడు. మే నెల ఎండకు మాడిపోయిన గట్టు గడ్డిని చూచిన మనకు ఈ మాట బరువు తెలుస్తుంది.

పర్ణశాల, మంచె

యూదులు ప్రతి సంవత్సరము సెప్టెంబరు, అక్టోబరు నెలలలో పంటలు ఇంటికి చేరిన తరువాత పర్ణశాలల పండుగ చేస్తారు. ఏడు దినములు కొమ్మలతో ఆకులతో వేసిన పందిళ్లలో ఉండాలని లేవీయకాండము 23:42–43లో ఆజ్ఞ ఉన్నది. తమ పితరులు అరణ్యములో అట్లు నివసించారని జ్ఞాపకము ఉంచుకొనుటకు ఇది నియమింపబడింది. నేటికిని ఆ పందిరి కప్పు పలుచగా వేస్తారు. రాత్రి నక్షత్రములు కనబడవలెనని వారి ఆచారము.

ఆ పందిరికి హెబ్రీలో "సుక్కా" అని పేరు. ఆ మాటే యెషయా 1:8లో ద్రాక్షతోట కావలి గుడిసెకు వాడబడింది. మన భాషలో చెప్పాలంటే మంచె. మక్క కంకి పాలుపోసుకొనే వేళ అడవిపందులు చేను మీద పడతవి. అప్పుడు ఖానాపూర్, కడెం పల్లెలలో రైతులు గొంగడి కప్పుకొని, డబ్బా కొట్టుకుంటూ మంచె మీద రాత్రులు కావలి ఉంటారు. ఇంట్లో మంచము మీద పండుకొని "నా చేను బాగుండాలి" అని అనుకొనేవాడు వేరు, దోమలలో, మంచులో, పామూ పురుగూ తిరిగే చీకటిలో చేనులోనే కూర్చున్నవాడు వేరు. మన దేవుడు దూరము నుండి చేనును చూచేవాడు మాత్రమే కాడు. చేనులోకి వచ్చి మంచె మీద కూర్చున్నవాడు. శరీరధారణ అనే పెద్ద మాటకు మా పల్లె అర్థము ఇంతకంటె దగ్గరగా మాకు దొరకలేదు.

అవతారము, శరీరధారణ

ఇక పక్కింటి పెద్దమనిషి ప్రశ్న. "అవతారము" అను మాటను మన పెద్దలు కూడ తమ ప్రసంగములలో, పాటలలో వాడారు. అది మన తెలుగు భాష మనకిచ్చిన మాట, దానిని తక్కువ చేయనక్కరలేదు. దేవుడు మనుష్యులకు దగ్గరగా రావాలనే ఆశ ఈ దేశపు హృదయములో ఎంత లోతుగా ఉన్నదో ఆ మాట చెబుతుంది. ఆ ఆశను మేము గౌరవిస్తాము. అయితే మన సాక్ష్యములో భేదము ఎక్కడ ఉన్నదో కూడ మర్యాదగా చెప్పాలి.

మొదటిది, ఆయన రాకడ ఒక్కసారే. యుగయుగమునకు మరల మరల జరిగేది కాదు (హెబ్రీయులకు 9:26–28). రెండవది, ఆయన ఒక నిర్దిష్టమైన జనములో, ఒక నిర్దిష్టమైన ఇంట్లో పుట్టాడు. ఎనిమిదవ దినమున సున్నతి పొందాడు. ఆయన తల్లిదండ్రులు గొర్రెపిల్లను కాదు, బీదలకు ధర్మశాస్త్రము అనుమతించిన పక్షుల జతను అర్పించారు (లూకా 2:21–24, లేవీయకాండము 12:8). మన ప్రభువు శరీరము యూదుని శరీరము, బీదవాని శరీరము. ఆయన బావి దగ్గర అలసి కూర్చున్నాడు, స్నేహితుని సమాధి దగ్గర ఏడ్చాడు. మూడవది, పని అయిపోయిన తరువాత ఆ శరీరమును బట్టవలె విడిచిపెట్టలేదు. లేచిన తరువాత కూడ గాయములున్న చేతులు చూపించి, కాల్చిన చేప తిన్నాడు (లూకా 24:39–43).

ఈ సంగతి కష్టముగా తోచి, ఆయన మనుష్యుడైనట్టు కనబడ్డాడే గాని నిజముగా కాలేదని మొదటి శతాబ్దములోనే కొందరు చెప్పసాగారు. యోహాను తన మొదటి పత్రికలో (4:2–3) దానిని గట్టిగా ఖండించాడు. ఆయన నిజముగా దేవుడని 325లో నీకయలో కూడిన సభ ఒప్పుకొన్నది. నిజముగా దేవుడు, నిజముగా మనుష్యుడు, అయినను ఒక్కడే ప్రభువని 451లో కల్కెదోనులో కూడిన సభ ఒప్పుకొన్నది. మనము ఆరాధనలో నిలువబడి చెప్పే విశ్వాస ప్రమాణము వెనుక ఈ పోరాటమంతా ఉన్నది.

ఇది పండితుల తగాదా అని అనుకొనవద్దు. ప్రభువు కుష్ఠురోగిని స్వస్థపరచుటకు మాట చాలును. అయినను చెయ్యి చాపి ముట్టాడు (మార్కు 1:41). మన సంఘములలో అనేకుల తాతముత్తాతలకు ముట్టుకొనని చేతులు ఎట్లుంటవో పుస్తకములు చెప్పలేదు, బ్రతుకే చెప్పింది. బావి దగ్గర దూరముగా నిలిచి దోసిట నీళ్లు పోయించుకొన్నవారికి, ముట్టుకొనే దేవుని వార్త వచ్చింది. ఆ వార్త ఉత్త మాటగా కూడ రాలేదు. కరవు కాలములో ఆకలిగొన్నవారికి పని ఇచ్చి, తిండి పెట్టి మెదకులో పాస్నెట్ దొరగారు కట్టించిన దేవాలయము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడింది. దాని గాజు కిటికీలలో ప్రభువు పుట్టుక, సిలువ, ఆరోహణము – మూడు చిత్రములున్నవి. మూడింటిలోను ఉన్నది ఒకే దేహము. చూడవెళ్లినప్పుడు మీ పిల్లలకు ఆ సంగతి చూపించండి.

తనవారు ఎందుకు గుర్తుపట్టలేదు?

నాయనమ్మ ప్రశ్నకు జవాబు తొందరపడి చెప్పకూడదు. ముందుగా, గుర్తుపట్టినవారు కూడ యూదులే. మరియ, సుమెయోను, అన్న, పన్నెండుగురు శిష్యులు, పెంతెకొస్తు దినమున బాప్తిస్మము పొందిన మూడువేలమంది, అందరును యూదులే. వారు గుర్తుపట్టకపోయినయెడల ఈ సువార్త ఖానాపూర్ వరకు వచ్చేదే కాదు.

గుర్తుపట్టనివారు మూర్ఖులు గాని చెడ్డవారు గాని అని మనము అనకూడదు. దేవునికి రూపము లేదని నేర్పినది మోషేయే. మెస్సీయ వస్తే కత్తులు నాగటి నక్కులగునని చెప్పినది యెషయాయే (2:4). లోకములో ఇంకా కత్తులు ఉన్నవి గదా, మరి మెస్సీయ ఎప్పుడు వచ్చాడు అని యూదుడు అడుగుతాడు. అది న్యాయమైన ప్రశ్న. పన్నెండవ శతాబ్దపు గొప్ప యూదా బోధకుడు మైమోనిదెసు, యూదుల విశ్వాసమునకు పదమూడు మూలసూత్రములు కూర్చి, దేవునికి శరీరము లేదనుటను మూడవదిగా పెట్టాడు. ఆయన అన్నదానితో మనము ఏకీభవించలేము. అయినను ఆయన దేవుని గౌరవము కొరకే ఆ మాట అన్నాడని ఒప్పుకోవాలి. పైగా శతాబ్దముల తరబడి క్రైస్తవ దేశములలో యూదులు హింసింపబడ్డారు. యేసు పేరు చెప్పి తన ఇంటిని కాల్చినవానిని చూచి, ఏ యూదుడు ఆ యేసును గుర్తుపట్టగలడు?

ఈ ప్రశ్న మన తెలుగు నేలమీద కూడ ఉన్నది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెములో బెనె ఎఫ్రాయిము అను చిన్న సమాజము ఉన్నది. వీరు తెలుగువారే. అంతకు ముందు బాప్తిస్టు సంఘములలో ఉన్న కుటుంబములవారు. 1980ల చివర షమూయేలు యాకోబి, సాదోకు యాకోబి అను అన్నదమ్ముల నాయకత్వమున, తాము ఇశ్రాయేలులోని ఎఫ్రాయిము గోత్రపువారమని ప్రకటించుకొని యూదుల ఆచారములు చేపట్టారు. శనివారము విశ్రాంతిదినము పాటిస్తారు, హెబ్రీలో ప్రార్థనలు నేర్చుకుంటారు. వీరిని గూర్చి పండితులు పరిశోధించి 2013లో ఒక పుస్తకము కూడ ప్రచురించారు. ఒకప్పుడు మనతో కలిసి క్రిస్మసు పాటలు పాడిన కుటుంబములు నేడు ఆ పాటల నడిమి సంగతిని, దేవుడు దేహములో వచ్చెననుటను, ప్రక్కన పెట్టారు. దీనికి మన హృదయము నొచ్చుకుంటుంది. అయితే వారి మీద రాయి వేయుట మన పని కాదు. మనము అడవి ఒలీవ కొమ్మలము, అంటుకట్టబడ్డాము, వేరు మీద అతిశయపడవద్దని పౌలు మనకు ఆజ్ఞ ఇచ్చాడు (రోమీయులకు 11:17–18). కొమ్మ వేరును మోయదు. శుభ శుక్రవారమున బోధించే సోదరులు కూడ ఈ మాట జ్ఞాపకము ఉంచుకొని, "యూదులు చంపారు" అని ఒక జనమంతటి మీద నేరము మోపకుందురు గాక. చనిపోయిన ప్రభువును, ఆయన క్రింద నిలిచి ఏడ్చిన తల్లిని కన్నది ఆ జనమే.

ఫోనులోని గొంతు, వాకిట్లోని గొంతు

మేము బయలుదేరబోవుచుండగా ఆ తండ్రి ఏమనుకున్నాడో, ఫోను తీసుకొని ఇంటి వెనుక పశువుల కొట్టము దగ్గరకు వెళ్లాడు. భార్య ఫోను మ్రోగింది. పిల్ల ఎప్పటివలెనే ఉరికివచ్చి దానిని అందుకున్నది. "ఏం తిన్నవ్ బిడ్డా?" అని గొంతు వినబడింది. రోజూ అడిగే మాటే. పిల్ల చెబుతున్నది. ఆయన మాట్లాడుతూనే మెల్లగా నడిచి వాకిట్లోకి వచ్చాడు. ఫోనులో నుండి వచ్చిన మాటే పందిరి క్రింద నుండి కూడ వచ్చింది. పిల్ల ఫోను చూచింది, ఆయనను చూచింది. మళ్లీ ఫోను చూచింది. ఎవరమూ మాట్లాడలేదు.

తరువాత ఆమె నాలుగడుగులు వేసి ఆయన ముందు నిలబడి, చేతి మీద ఉన్న మచ్చను వ్రేలితో ముట్టింది. అది ఫోనులో ఎన్నడూ కనబడలేదు. "గిదేంది?" అన్నది. "పనికాడ కాలింది బిడ్డా" అన్నాడు. పిల్ల వంగి దాని మీద "ఉఫ్" అని ఊదింది. నాయనమ్మ ముఖము కొంగుతో కప్పుకున్నది.

ఆ కుటుంబము కష్టము అంతటితో తీరలేదు. ఏజెంటుకు ఇచ్చిన అప్పు ఇంకా ఉన్నది. తిరిగి పోవుటకు వీసా కూడ ఉన్నది. పోవాలో వద్దో మేము చెప్పలేదు. అప్పు తీర్చనివారు అట్టి సలహా చెప్పుట సులభము. సంఘపెద్దలు ఇద్దరు మాత్రము, మరుసటి ఆదివారము ఆయనతో కూర్చుని లెక్కలు చూస్తామని, ఆయన ఒక్కడే దానిని మోయనక్కరలేదని చెప్పారు. కూర్చుంటామన్నారు. శరీరధారియైన ప్రభువును నమ్మినవారు చేయవలసిన మొదటి పని అదే.

ప్రియులారా, దూరదేశములో ఉన్నవారి ఫోను మాటను తక్కువగా ఎంచవద్దు. దేవుడు కూడ ముందు మాటనే పంపాడు, ప్రవక్తల ద్వారా ఎన్నో శతాబ్దములు పిలిచాడు. ఆ గొంతు ముందు విన్నందుననే వచ్చినవానిని గుర్తుపట్టగలిగాము. అందుకే పాత నిబంధనను విడిచి క్రొత్త నిబంధన మాత్రమే చదువువాడు, ఫోను మాట ఎన్నడూ వినక వాకిట్లో కొత్త మనిషిని చూచిన పిల్లవంటివాడు. అయితే మాటతోనే సరిపెట్టుకొన్నవారికి ఇంకొక హెచ్చరిక. ఇంట్లోనే ఉండి భార్యాపిల్లల యొద్ద లేనివారు మనలో లేరా? రోగి ఇంటికి పోకుండా "ప్రార్థన చేస్తున్నాము" అని కబురు పంపి ఊరకుండువారము మనము కామా? కొడుకు దేహము పెట్టెలో రావలెనని వారాల తరబడి కనిపెట్టే తల్లి ఈ ప్రాంతపు పల్లెలకు కొత్త కాదు. ఆమెకు దేహము విలువ ఏమిటో తెలుసు. దేవునికి కూడ తెలుసు. ఆమె ప్రక్కన చాప మీద కూర్చొనే మనిషి కావాలి.

ఈ నెల కుటుంబ ప్రార్థనలో

నిర్గమకాండము 40వ అధ్యాయమును, యోహాను 1వ అధ్యాయమును ఒకే సాయంకాలము చదవండి. రెంటిలో కలిసే మాటలు పిల్లలతో ఏరించండి. మీ బంధువులలో దూరదేశమున ఉన్నవారి పేర్లు ఒక్కొక్కటిగా చెప్పి ప్రార్థించండి. ఈ నెలలో ఒక్క ఇంటికైనా, కబురు కాదు, మీరే వెళ్లండి.

ప్రార్థన: మా పితరులతో గుడారములో నడచిన దేవా, నీ కుమారుని దేహములో మాయొద్దకు వచ్చినందుకు నీకు స్తోత్రములు. నీ స్వరము విని నీ ముఖమును గుర్తుపట్టు కన్నులు మాకును, మాకు వేరైన నీ ప్రాచీన జనమునకును దయచేయుము. దూరమున ఉన్న మా బిడ్డలయొద్ద నీవు ఉండుము. దగ్గర ఉన్నవారియొద్ద మేము నిజముగా ఉండునట్లు మాకు సహాయము చేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.